మామగారి దగ్గు, మావారి డిటెక్టర్

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. మావారి తాతగారు పలమనేరు వైపు నుంచి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు వెళ్లి గనిలో చేరారట. మామగారు కూడా అక్కడే 24 ఏళ్లు భూమి లోపల పనిచేశారు. 2001లో గనులు మూసేసేనాటికి మావారు పదో తరగతి. ఇప్పుడు ఐటీ ఉద్యోగం. నాలుగేళ్ల కిందట ఎవరో స్నేహితుడి వెంట బంగారం వెతకడానికి వెళ్లొచ్చారు, అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. 8,500 డాలర్లు పెట్టి నేల అడుగున లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ కొన్నారు. శనివారం చీకటితో వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఇన్నేళ్లలో దొరికింది 23 గ్రాములు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా.

పోయినేడాది మామగారు వచ్చాక తండ్రీకొడుకులు జట్టు కట్టారు. దారిలో ఏరిన రాళ్లు ఇంటికి తెచ్చి, సాయంత్రాలు గరాజులో ఇనప రోట్లో దంచుతారు. బాబు కూడా వాళ్లతోనే. గరాజంతా పిండిమరలా తెల్లగా అయిపోతుంది, శుభ్రం చేసుకోలేక చస్తున్నాను. మామగారికి ఎలాగూ దగ్గు ఉండనే ఉంది. పోయిన నెల కోపంలో 'ఇది జూదం కాక ఏంటి' అనేశాను. ఆయన రెండు రోజులు మాతో కూర్చుని అన్నం తినలేదు.

ఇప్పుడు మావారు హోమ్‌లోన్ మీద 40,000 డాలర్లు తీసి పెద్ద మెషీన్, కారవాన్ కొంటారట. మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి తండ్రితో వెస్టర్న్ ఆస్ట్రేలియా వెళ్తారట. ఇది వ్యసనమేనా? అడ్డు చెబితే నాది తప్పా? అసలు ఇలా ఎక్కడపడితే అక్కడ తవ్వుకోవచ్చా? ఇది చాలదన్నట్టు అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసి ఆ 23 గ్రాములూ కరిగించి పాపకి గాజులు చేయించమంటున్నారు. మావారు ససేమిరా అంటున్నారు.

– ఒక సోదరి, మెల్‌బోర్న్

జవాబు:

అమ్మా,

మీరు అడిగినవాటన్నిటికీ జవాబు రాస్తాను. కానీ మీరు అడగని విషయం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. గరాజు పిండిమరలా అవుతోందన్నారు. ఆ పక్క వాక్యంలోనే మామగారికి దగ్గు ఎలాగూ ఉందన్నారు. మీరు ఇంటిచాకిరీ బాధ చెప్పుకుంటూ రాసిన మాటలివి. నాకు మాత్రం 40 వేల డాలర్ల కంటే ఈ రెండు వాక్యాలే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. అందుకని ముందు దీని సంగతి.

వాళ్లు తెచ్చి దంచుతున్నది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. బంగారం దాగి ఉండే రాయి ఎక్కువగా అదే కాబట్టి దాని మీద మోజు సహజం. పలుగురాయిని పొడిగా దంచితే లేచే ధూళి సిలికా. మీరు తుడుచుకుంటున్న తెల్లపొడి అందులో లావుపాటిది, అది కింద పడిపోతుంది. కంటికి ఆనని సన్నటి నలుసు గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. పీల్చుకుంటే ఊపిరితిత్తుల అడుగు వరకూ వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చుట్టుపక్కల ఊపిరితిత్తి బిరుసెక్కిపోతుంది. సిలికోసిస్ అంటారు. ఒకసారి బిరుసెక్కిన భాగాన్ని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. మీ ఆస్ట్రేలియాలోనే, వంటింటి గట్టు మీద పరిచే కృత్రిమ రాతిపలకల్ని కోసే పనివాళ్లకు, వయసులో ఉన్న కుర్రాళ్లకు కూడా ఈ జబ్బు వస్తోందని 2024 జులై 1 నుంచి ఆ పలకల్నే నిషేధించారు. ఆ పలకల్లో ఎక్కువ భాగం పలుగురాయి పొడే. పనిచోట అంత కట్టడి చేసిన ధూళిని మీ గరాజులో తొమ్మిదేళ్ల పిల్లాడు పక్కన కూర్చుని పీలుస్తున్నాడు.

ఇక మామగారు. ఇరవై నాలుగేళ్లు గని లోపల ఉన్న మనిషికి దగ్గును 'ఎలాగూ ఉండేది' అనుకోకూడదమ్మా. సిలికోసిస్ పని మానేసిన చాలా ఏళ్లకు కూడా బయటపడుతుంది. దాని వెంట టీబీ ముప్పు కూడా ఎక్కువ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లగానే 'దగ్గు' అని మొదలుపెట్టకండి. 'ఈయన బంగారు గనిలో ఇరవై నాలుగేళ్లు లోపల పనిచేశారు, ఇప్పుడు కూడా ఇంట్లో పలుగురాయి దంచుతున్నారు' అని మొదలుపెట్టండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే దగ్గు మందు రాసి పంపేసే అవకాశం ఎక్కువ. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదించి చూసే పరీక్ష అడగండి. ఊరి నుంచి వచ్చి ఉన్న పెద్దవాళ్లకు అక్కడ పరీక్షల ఖర్చు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కారవాన్ కోసం తీద్దామనుకున్న డబ్బులో అది ఏపాటిదో మీవారికి చెప్పండి.

గరాజును ఈరోజు నుంచి చీపురుతో ఊడవకండి, దులపకండి. తడిగుడ్డతోనే తుడవండి. దంచేటప్పుడు వేసుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. దంచడం మాత్రం గరాజులో బంద్. తప్పదంటే ఇంటి బయట, గాలి ఆడే చోట, రాయిని తడిపి, రోట్లో నీళ్లు పోసి, పైన మూతేసి, సన్నటి ధూళిని ఆపే పీ2 రకం మాస్కు పెట్టుకుని చేయాలి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. బాబు దరిదాపుల్లో ఉండకూడదు. మామగారు అసలు దంచనే కూడదు, మాస్కు పెట్టుకుని అయినా సరే.

ఇదంతా మీరు చెబితే కోడలు ఇంకో వంక పెట్టిందనుకుంటారేమో. అందుకని చెప్పకండి, అడగండి. 'మామగారూ, గనిలో రాయికి బెజ్జం కొట్టేటప్పుడు నీళ్లెందుకు పెట్టేవాళ్లు?' అని అడగండి. డ్రిల్లింగ్ మెషీన్‌కి నీటి గొట్టం ఉండేది ఈ ధూళి లేవకుండా ఉండటానికే. ఆయనకు అది మీకంటే, నాకంటే బాగా తెలుసు. కొడుకు ముచ్చట చూసి మర్చిపోయి ఉంటారు.

ఇంకో లెక్క కూడా ఆయన చేతే వేయించండి. కోలార్ గనుల్లో మొదటి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం వచ్చేది. మూసేసేనాటికి అది దాదాపు 3 గ్రాములకు పడిపోయింది. టన్నుకు 3 గ్రాములంటే కిలో రాయిలో 3 మిల్లీగ్రాములు. సాయంత్రమంతా కూర్చుని పది కిలోలు దంచి, ఒక్క నలుసు కూడా జారిపోకుండా గాలించినా 30 మిల్లీగ్రాములు. పైగా మీవారు దారిలో ఏరుకొస్తున్న రాళ్లు కోలార్ గనుల్లో బంగారం ఉన్న పొర నుంచి తవ్వి తీసిన రాళ్లు కావు. అందులో బంగారం జాడ కూడా లేని రాళ్లే ఎక్కువ ఉంటాయి. కంటికి బంగారం మెరుస్తూ కనిపించే రాయి దొరికితే దాన్ని దంచకుండా అలాగే దాచుకోవడం మేలు, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. కనిపించని రాయిని దంచడం దండగ. ఎటు చూసినా ఆ రోలుకి పని లేదు. పాత పద్ధతిలో పాదరసం వేసి బంగారం పట్టి, దాన్ని వేడి చేసే ఆలోచన ఎవరికైనా వస్తే మాత్రం అక్కడే ఆపేయండి. ఆ ఆవిరి పీలిస్తే సిలికాలా ఏళ్లు ఆగదు.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఇది జూదమా, వ్యసనమా అని అడిగారు. మా చెల్లెలి కొడుకు మీ విక్టోరియాలోనే, బెండిగోలో ఉంటాడు. రెండేళ్ల కిందట వాడి దగ్గర నెల రోజులున్నప్పుడు ఒక ఆదివారం నన్ను డనోలీ పక్కనున్న అడవికి తీసుకెళ్లాడు. అడవి అంటే నల్లమలలాంటిది ఊహించుకోకండి. నల్లటి మొరటు బెరడున్న యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్య ఎర్రమట్టి, నేలంతా తుప్పు రంగు రాళ్లు, పలుగు ముక్కలు. వాడు కర్రకి చేటంత కాయిల్ తగిలించిన ఆ మెషీన్‌ని నేలకి తాకీ తాకనట్టు అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంటాడు. నడక అంటే నడక కూడా కాదు, గంటకి ఒక కొబ్బరితోట దాటనంత మెల్లగా. హెడ్‌ఫోన్స్ నాకిచ్చాడు. ఒకటే సన్నటి మోత, దూరంగా తేనెతుట్టె ఉన్నట్టు. అడుగున లోహం ఉంటే ఆ మోత ఒక్కసారి పైకి లేచి కిందికి దిగుతుంది. అంతే. బంగారానికి ఒక మోత, మేకుకి ఇంకో మోత అని ఖచ్చితంగా ఏమీ లేదు.

మోత వచ్చిన చోట బూటుతో పైమట్టి గీకుతాడు. మళ్లీ వింటాడు. పికాసుతో నాలుగు పోట్లు. మళ్లీ వింటాడు. మట్టిని ప్లాస్టిక్ చేటలోకి తీసి, సగం పక్కన పోసి, మిగతా సగాన్ని కాయిల్ మీద ఆడిస్తాడు. మోగితే అందులో సగం, మోగకపోతే పక్కన పోసిన దాంట్లో సగం. చివరికి చిటికెడు మట్టి మిగులుతుంది. అందులో గుర్రపు నాడా మేకు. తర్వాత తుపాకీ గుండు సీసం. తర్వాత డబ్బా రేకు ముక్క. ఇనుపరాయి కూడా మోగుతుంది, అది మరీ విసుగు. ఇలా ముప్పై ఒక్క సార్లు. ముప్పై రెండోసారి వాడు చిటికెడు మట్టిని నోటితో ఉఫ్ అని ఊది అరచెయ్యి నా ముందు పెట్టాడు. పెసరగింజకి పిసరు తక్కువ. ఇంటికొచ్చి తూస్తే 0.4 గ్రాము. చూడటానికి అంత చిన్నది అరచేతిలో పడితే బరువు తెలుస్తుందమ్మా, అదే ఆశ్చర్యం. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంకొక్క చోట చూసి ఉండాల్సింది అనిపించింది. బంగారం గురించి వీసమెత్తు ఆశ లేని మనిషిని, నాకే అలా అనిపించిందంటే మీవారి సంగతి ఊహించగలను.

కాబట్టి పిచ్చి అనేది నిజమే. జూదం అనే మాట మాత్రం సరిపోదు. పేకాటలో ప్రతి ఆటకీ డబ్బు పెట్టాలి, పోయింది మళ్లీ రాదు. ఇక్కడ మెషీన్ కొన్నాక ఒక్కో శనివారానికి అయ్యేది బండి ఇంధనం, డబ్బాలో పులిహోర. దొరక్కపోతే కాళ్లనొప్పులు. మీవారి వయసువాళ్లు గోల్ఫ్ క్లబ్బుకో, కెమెరా లెన్సులకో పెట్టే ఖర్చు ముందు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఆ మెషీన్లు వాడినవి అమ్మినా మంచి రేటే వస్తుంది.

మరి జూదం ఎక్కడ మొదలవుతుంది? మా పెదనాన్న ప్రతి తొలకరికీ తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి వెళ్లేవాడు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి కదా, ఇప్పటికీ జనం అక్కడికి పిల్లాపాపలతో వస్తూనే ఉంటారు. సద్దిమూట కట్టుకుని వెళ్లేవాడు, నాలుగు రంగురాళ్లు తెచ్చి మాకిచ్చేవాడు, మా పెద్దమ్మ తిట్టేది, అందరం నవ్వేవాళ్లం. పదేళ్లు అలాగే గడిచింది. ఒక ఏడాది పక్క పొలంలో ఎవరికో మంచి రాయి దొరికిందని తెలిసి, కౌలుకి చేను తీసుకుని కూలీల్ని పెట్టి మట్టి జల్లించాడు. దానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మనిషి అదే, పిచ్చి అదే, అప్పు ఒక్కటే కొత్తగా వచ్చింది.

మీ ఇంట్లో ఇప్పుడు ఆ ఏడాది రాబోతోంది. అందుకని, అడ్డు చెప్పడం మీ తప్పు కాదు. శనివారానికి కాదు, లోనుకి అడ్డు చెప్పండి.

ఆ లోను లెక్క కూడా 40 వేలతో ఆగదు. మూడు నెలల జీతం పోతుంది, దాన్ని కలపండి. హోమ్‌లోన్‌లో కలిపేస్తే నెల కంతు కొంచెమే పెరిగినట్టు కనబడుతుంది కానీ, ఆ కారవాన్‌కి ఇల్లు తీరేదాకా వడ్డీ కడుతూనే ఉంటారు. మెల్‌బోర్న్ నుంచి వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ వైపు వెళ్లాలంటే రోడ్డు మీద దాదాపు మూడు వేల కిలోమీటర్లు. అక్కడ బంగారం వెతికే ప్రాంతాల్లో డాక్టరు కావాలంటే వందల కిలోమీటర్లు పోవాల్సిన చోట్లు ఉన్నాయి. అరవై ఏళ్లు దాటిన, దగ్గున్న మనిషిని ఎక్స్‌రే కూడా తీయించకుండా అక్కడికి తీసుకెళ్లడమంటే నేను ఒప్పుకోను. ఆశ లావు, పీక సన్నం అనేది ఇలాంటప్పుడే. పైగా లోను, పెద్ద మెషీన్, ఉద్యోగానికి సెలవు, దొరికింది అమ్మకం అన్నీ కలిస్తే అది సరదా కాదు, వ్యాపారం అని పన్నువాళ్లు అనే అవకాశం ఉంది. మీ అకౌంటెంట్‌ని ఒక మాట అడగమనండి.

పెద్ద మెషీన్ ఉంటే పెద్ద ముద్ద దొరుకుతుందనేది మీవారి నమ్మకం అయి ఉంటుంది. మీ విక్టోరియా చరిత్ర అలా చెప్పదు. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి దొరికిన 'వెల్‌కమ్ స్ట్రేంజర్' ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు ముద్ద. శుద్ధి చేశాక దాదాపు 71 కిలోలు. అది చెట్టు వేళ్ల దగ్గర, పైమట్టికి అంగుళం కింద పికాసుకి తగిలింది. డనోలీలో దాన్ని తూచే త్రాసు లేక, దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టాల్సి వచ్చింది. 1980లో కింగోవర్‌లో కెవిన్ హిలియర్‌కు డిటెక్టర్‌తో దొరికిన 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' 27 కిలోలు. అది ఊరి బడి వెనకాల, అడుగు లోతులో ఉంది. 2023లో విక్టోరియాలోనే ఒకాయనకి నాలుగున్నర కిలోల రాయి దొరికితే, అందులో 2.6 కిలోల బంగారం ఉందని తేలింది. విలువ 2,40,000 డాలర్లు. ఆయన చేతిలో ఉన్నది 1,200 డాలర్ల డిటెక్టర్. మీవారి దగ్గరున్న దానికి ఏడో వంతు ఖరీదు. లోతుగా వినిపించే మెషీన్ కొంత ఉపయోగపడుతుంది, కాదనను. కానీ సరిగ్గా ఆ చోట అడుగు పడటమే అసలు విషయం, దాన్ని ఎవరూ అమ్మరు. ఈ మూడు సంగతుల్లో 2023ది మీవారికి చెప్పేటప్పుడు డిటెక్టర్ ఖరీదు ముందు చెప్పండి, దొరికిన డబ్బు తర్వాత. తిరగేసి చెప్పారంటే ఆ రాత్రే బండి తీస్తారు.

ఇంట్లో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టండి. ప్రతి ట్రిప్పుకీ ఒక గీత: తేదీ, ఊరు, కిలోమీటర్లు, ఖర్చు, దొరికింది ఎన్ని గ్రాములు. సున్నా అయితే సున్నా రాయాలి. బాబు చేత రాయించండి, లెక్కలూ వస్తాయి. నాలుగేళ్లకు 23 గ్రాములంటే మెషీన్ ఖరీదు కూడా ఇంకా తీరలేదని మాటల్లో చెబితే దెబ్బలాట, పుస్తకంలో ఉంటే ఎవరూ దెబ్బలాడరు. దొరికింది అమ్మితే ఆ డబ్బుతోనే తర్వాతి మెషీన్ కొనాలి, ఇంటి డబ్బు, లోను డబ్బు ముట్టకూడదు. ఈ ఒక్క నియమం మీద మీరు గట్టిగా నిలబడండి, మిగతావాటిలో పట్టూవిడుపూ ఉండొచ్చు.

నిజానికి మీకు కోపం 8,500 డాలర్ల మీద కంటే, నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఇద్దరు పిల్లలతో ఒక్కరే ఇంట్లో ఉండిపోవడం మీదేమో అని నా అనుమానం. మీరు ఆ మాట ఎక్కడా రాయలేదు, 'చీకటితో వెళ్తే చీకటి పడ్డాకే' అన్న చోట పట్టుకున్నాను. తప్పయితే క్షమించండి. తప్పు కాకపోతే ఆ మాటే తిన్నగా అడగండి: నెలకి రెండు శనివారాలు వాళ్లవి, ఒకటి పిల్లలది, ఒకటి మీది. మీదైన రోజున పిల్లల్ని ఆయన చూసుకోవాలి, మీరు నిద్రపోయినా సరే.

తవ్వుకోవచ్చా అన్నారు. విక్టోరియాలో 'మైనర్స్ రైట్' అనే చీటీ ఉంటుంది, కొద్ది డాలర్లే, పదేళ్లు చెల్లుతుంది. వెతికే ప్రతి మనిషికీ విడిగా ఉండాలి, కాబట్టి మామగారికి ఉందో లేదో చూడండి. చేతి పనిముట్లు, డిటెక్టర్ తప్ప యంత్రాలతో తవ్వకూడదు. తవ్విన గుంత పూడ్చాలి. చెట్లు, పొదలు పాడుచేయకూడదు. నేషనల్ పార్కుల్లో అనుమతించిన కొన్ని చోట్ల తప్ప వెతకకూడదు. ప్రైవేటు భూమిలోకి యజమాని ఒప్పుకుంటేనే వెళ్లాలి. ఆదివాసుల పవిత్ర స్థలాలు, వారి పాత పనిముట్లు కనబడితే ముట్టకూడదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో చీటీ వేరే, ఇది అక్కడ చెల్లదు. ఆ రాళ్లు ఎక్కడివో కూడా అడగండి. పాత గనుల పక్కనున్న దిబ్బల మీద నుంచి తెస్తుంటే ఆపేయమనండి. ఆ చోట్లకు చారిత్రక రక్షణ ఉండొచ్చు, అది అటుంచి, బెండిగో చుట్టుపక్కల పాత గని ఇసుకలో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది. బూట్లు బయటే విప్పి, చేతులు కడుక్కునే లోపలికి రావాలి. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు చెయ్యి వదలొద్దు. నూటడెబ్బై ఏళ్ల కిందట తవ్వి వదిలేసిన నిలువు గోతులు ఆ అడవుల్లో గడ్డి కప్పుకుని ఉంటాయి.

ఆ చీటీలో ఉన్న అసలు సంగతి ఒకటి చెప్పాలి. మైనర్స్ రైట్ ఉన్నవాళ్లకు దొరికిన బంగారం వాళ్లదే. మీ మామగారి నాన్నగారు, ఆ తర్వాత మామగారు, తరం తర్వాత తరం మైళ్ల లోతుకు దిగి తవ్వారు. తవ్విందాంట్లో ఆవగింజంత ఇంటికి తెచ్చినా అది దొంగతనం. ఇప్పుడు ఎండలో, చెట్టు కింద, కొడుకు పక్కన నిలబడి మట్టిలోంచి తీసిన పెసరగింజ జేబులో వేసుకుని ఇంటికి తేవచ్చు. దాన్ని మీరు జూదం అన్నారు. ఆయన రెండు రోజులు అన్నానికి రాలేదంటే నాకు వింతగా అనిపించలేదు. ఖర్చు గురించి అన్నానే కానీ మిమ్మల్ని ఉద్దేశించి అనలేదని చెప్పండి. కాళ్లు పట్టుకోనక్కర్లేదు, అన్నం వడ్డించేటప్పుడు ఒక్క మాట చాలు.

తర్వాత ఎప్పుడైనా మీ శనివారం కాకుండా పిల్లల శనివారం చూసుకుని అందరూ బెండిగో వెళ్లండి. అక్కడ సెంట్రల్ డెబోరా అనే పాత గని ఉంది. 1954లో మూతపడింది, ఇప్పుడు జనాన్ని లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. మొత్తం లోతు 412 మీటర్లు. మూడు కిలోమీటర్లు దాటిన గనుల ఊరి మనిషి మీ మామగారు. గైడు చెప్పేది వింటారో, గైడుకే పాఠం చెబుతారో చూడాలి. దగ్గు పరీక్షలు అయ్యాకే సుమా, డాక్టరు సరేనంటేనే.

అత్తగారి గాజుల విషయంలో మాత్రం మీవారి మాటే కరెక్టు. భూమిలో దొరికిన ముక్క దొరికినట్టే ఉంటే దాన్ని ఏరికోరి కొనేవాళ్లుంటారు, తూకం ధర మీద ఇంకొంచెం ఇస్తారు. కరిగించాక అది మామూలు బంగారమే. చిన్న సీసాలో వేసి, తేదీ, ఊరు రాసి పెట్టుకోమనండి. పాపకి గాజులు కావాలంటే షాపులో కొనండి.